గవ్వ కడుపులో నీళ్లు

ఆదివారం

తెల్లవారగానే ట్యాంకు మూత తీశాను. మా కుక్క గవ్వ వచ్చి, అంచు మీద ముక్కు ఆనించి, కాస్త ఆలోచించి, కూర్చుంది. గవ్వ కూర్చుంటే నీళ్లు మంచివి. తోక చూపించి వెళ్లిపోతే రాత్రి ఎక్కిన నీళ్లలో పాచి విషం ఉన్నట్టు. కూర్చుంది కాబట్టి కుళాయిలు తెరిచాను. చుట్టూ నీళ్లున్న మా ఏడో గట్టు జనం బిందెలు నింపుకున్నారు.

తర్వాత ఆరాధన. నెలకొకసారి ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల ఆరాధన ఇది. వాక్యం అగ్నిగుండం గురించి. గంటన్నర చెప్పాను. ముందు వరుసలో ముగ్గురు ఏడ్చారు. అందులో ఒకామె తర్వాత నా దగ్గరికి వచ్చి, తన ఏడుపు వాక్యానికి కాదు, పంటినొప్పికి అని చెప్పింది. ఇద్దరినే లెక్కలో వేసుకున్నాను.

సాయంత్రం గవ్వ రెండుసార్లు కక్కింది. ఎండలో పడిన చేప ఏదో తిని ఉంటుందనుకున్నాను. ప్రార్థన చేసి పడుకున్నాను.

సోమవారం

గవ్వ ట్యాంకు దగ్గరికి రాలేదు. నేనే ఎత్తుకుని తీసుకెళ్లాను. అంచు పక్కన దించితే పడుకుంది. పడుకోవడానికి మా నియమాల్లో అర్థం లేదు. కుళాయిల తాళం తీయలేదు.

గట్టు పెద్ద నాంచారయ్య వచ్చాడు. వెనకాల ఖాళీ బిందెలతో వరుస.

“ఏంటి తిమోతన్నా, ఇంకా తెరవలేదు?”

“కుక్క కూర్చోలేదు.”

“పడుకుందిగా. కూర్చోవడం కంటే పడుకోవడం ఇంకా గట్టి మాట కదయ్యా.”

“లేఖనాన్నీ కుక్కనీ మన అవసరానికి తిప్పుకోకూడదు.”

నాంచారయ్య నా మాట ఒప్పుకోలేదు, తాళంచెవీ అడగలేదు. వెనకటి మంచి రోజుల్లో నింపి పెట్టిన డ్రమ్ములు విప్పించాడు. మనిషికి చెంబున్నర.

ఇక్కడ ఒక సంగతి రాసి పెట్టాలి. కుక్క లేని గట్టు మీద జనం ఉండకూడదు. ఇది గట్లన్నిటికీ నియమం. కుక్క పోతే జనాన్ని కుటుంబాల చొప్పున మిగతా గట్లకు పంచుతారు. నాలుగో గట్టును అలాగే పంచారు. ఇప్పుడు దాని మీద కొంగలు ఉంటున్నాయి, వాటికి ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు. పక్క గట్టు కుక్కను తెచ్చుకుందామంటే, ఏ కుక్కకైనా తాను పుట్టి పెరిగిన ట్యాంకు వాసనే తెలుస్తుంది. కొత్త పిల్లకు నేర్పాలంటే ఏడాది పడుతుంది. డ్రమ్ములు ఈ శనివారం దాటి ఆ పై శనివారం దాకా వస్తాయని నాంచారయ్య లెక్క.

మంగళవారం

డాక్టర్ నస్రీన్ పడవ వచ్చింది. చదివింది పశువైద్యం. మా పది గట్ల మీద మనుషులకు కూడా ఆవిడే. తేడా ఏమీ కనిపించలేదంటుంది, పశువులు మాత్రం చెప్పిన మాట వింటాయంటుంది.

గవ్వ నోరు తెరిచి వాసన చూసింది. పొట్ట నొక్కింది.

“మూత్రం ఎప్పుడు పోసింది?”

“నిన్నటి నుంచి లేదు.”

“ఏం పెట్టారు?”

“చేప, రొట్టె.”

“ఇంకా?”

వెనక నుంచి దీవెనమ్మ గొంతు వచ్చింది.

“పిప్పి పెట్టానమ్మా.”

“ఏం పిప్పి?”

“బల్ల రసంది. ఎండుద్రాక్ష ఉడకబెట్టి పిండితే మిగిలిద్ది గదా. గిన్నెడు.”

బల్లకు కావలసిన రసం ప్రతిసారీ దీవెనమ్మే కాస్తుంది. పోయిన నెల నేను ఒక వాక్యం చెప్పాను. బల్లకు ప్రత్యేకించినది ఏదీ నేల మీద పడకూడదని, పడేసిన చెయ్యి ఎండిపోతుందని, బల్ల గుద్ది చెప్పాను. ఆరాధన అయ్యాక ఆమె వచ్చి, మరి పిప్పి ఎక్కడ వేయాలి నాయనా అని అడిగింది. పవిత్రమైన చోట వేయమన్నాను. ఆమె ఇంటికి వెళ్లి, ఈ గట్టు మీద పవిత్రమైనది ఏదా అని ఆలోచించింది. నీళ్లను శోధించే నోరు కంటే పవిత్రమైనది ఆమెకు కనిపించలేదు. ఆదివారం పొద్దున తీసుకెళ్లి గవ్వకు పెట్టింది. ఆమె తర్కంలో తప్పెక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

“ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పడగొడుతుంది,” అంది డాక్టరమ్మ. “అన్ని కుక్కలకీ కాదు. దీనికి పడింది.”

“కుక్కలకు ద్రాక్ష కూడదని లేఖనంలో ఎక్కడా లేదు,” అన్నాను.

“మా పుస్తకంలో ఉందండీ. మీరు మాది చదవలేదు, నేను మీది చదవలేదు. మధ్యలో కుక్క పడింది.”

దీవెనమ్మ లేచి గట్టు చివరికి వెళ్లి కూర్చుంది. పిలిస్తే రాలేదు.

మూత్రపిండాలు చచ్చిపోలేదని, మూర్ఛపోయాయని డాక్టరమ్మ అంటుంది. అవి లేచేదాకా వాటి పని మనం చేయాలి. కడుపు లోపల పలచని పొర ఉంటుందట, జల్లెడ లాంటిది. గోరువెచ్చని నీళ్లలో చక్కెర, ఉప్పు కొలిచి కలిపి, గొట్టంతో కడుపులోకి వదిలి, కాసేపు ఉంచి, మళ్లీ బయటికి తీసేయాలి. రక్తంలోని మలినం ఆ నీళ్లతో వచ్చేస్తుంది. ఇలా రోజంతా, గంటకోసారి.

“అంటే లోపలి వైపు బాప్తిస్మం,” అన్నాను.

“అలాగే అనుకోండి. నీళ్లు మాత్రం డ్రమ్ములోవి కావాలి.”

నాంచారయ్య మొహం నేను చూడలేదు. ఊపిరి మాత్రం వినిపించింది.

బుధవారం

గొట్టం ఎంపిక. డాక్టరమ్మ పెట్టెలో రెండు రకాలు ఉన్నాయి.

మొదటిది చిల్లుల గొట్టం. చివర జానెడు మేర చుట్టూ సన్నని చిల్లులు. రెండోది గాడి గొట్టం. దానికి చిల్లులు లేవు, ఒంటి పొడవునా లోతైన గాళ్లు నాలుగు. నీళ్లు ఆ గాళ్ల వెంట జారి రావాలి. రెండో రకం ఒక్కటే ఉంది. చిల్లులవి మూడు ఉన్నాయి.

నన్ను అడిగింది కాబట్టి చెప్పాను. చిల్లులు ఏడు వరుసలు. ఏడు పరిపూర్ణతకు గుర్తు. సృష్టి రోజులు ఏడు, దీపస్తంభం దీపాలు ఏడు. మనది ఏడో గట్టు.

“నేను అడిగింది కత్తెర ఎక్కడ పెట్టారని,” అంది. “అయినా మొదట చిల్లులదే వేస్తాను. మూడున్నాయి కాబట్టి. ఏడున్నాయని కాదు.”

పొట్ట మీద చిన్నచోట తిమ్మిరి మందు వేసి, గాటు పెట్టి, గొట్టం దించి కుట్టేసింది. కలిపిన నీళ్ల సంచి పైకి కడితే నీళ్లు చక్కగా లోపలికి దిగాయి. నలభై నిమిషాలకు సంచి కింద పెట్టాం. మూడోవంతే బయటికి వచ్చింది. తర్వాతిసారి ఇంకా తక్కువ. మధ్యాహ్నానికి నాలుగు చెంచాలు.

గవ్వను ఎడమకు తిప్పాం. కుడికి తిప్పాం. మంచం తలవైపు ఇటుకలు పెట్టి ఎత్తాం. డాక్టరమ్మ గొట్టంలోకి సిరంజితో నీళ్లు చిమ్మింది. కాసేపు వచ్చి ఆగిపోయాయి. గవ్వ పొట్ట డోలులా అయింది. కళ్లు తెరిచి నన్ను చూసింది. నింద ఉన్నట్టు అనిపించింది కానీ కుక్కల చూపుకు నేను వ్యాఖ్యానం చెప్పను.

డ్రమ్ముల దగ్గర వరుసలో గొడవ. మనుషులకు చెంబున్నర, కుక్క కడుపులోకి బిందెలు. అక్కడికక్కడే వాక్యం ఎత్తుకున్నాను. పశువు ప్రాణాన్ని చూసుకోవడం నీతిమంతుడి లక్షణమని, ఆ పశువు తన ముక్కుతో మీ పిల్లల్ని ఇన్నేళ్లు బతికించిందని, కృతజ్ఞత లేని నాలుకకు ఒక్క చుక్క దొరకని రోజు వస్తుందని గొంతు చించుకున్నాను.

“ఆ రోజు వచ్చిందనే కదన్నా ఇక్కడ నిలబడింది,” అని వరుసలో ఎవరో అన్నారు. “బిందె నింపించి తర్వాత చెప్పు.”

గురువారం

చిల్లుల గొట్టం తీసేశాం. బయటికి లాగితే చిల్లుల్లో పసుపుపచ్చ పొర పీచులా చిక్కుకుని ఉంది. ఏడు వరుసలూ పూడిపోయాయి. డాక్టరమ్మ దాన్ని నా ముందు పట్టుకుని వరుసలు ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపించింది.

గాడి గొట్టం వేసింది. మొదటిసారి పోసినదాంట్లో ముప్పాతిక వచ్చింది. రెండోసారీ అంతే. నాలుగుకు కూడా లేఖనంలో మంచి స్థానమే ఉందని చెప్పాను. నలుదిక్కులు, నాలుగు నదులు.

“మీ దగ్గర ఏ అంకెకి స్థానం లేదో చెప్పండి, ఆ గొట్టం కొననే కొనను.”

గట్టు మీద పలకరింపు మారింది. భోంచేశావా అని ఎవరూ అడగడం లేదు. ఎంత పోశారు, ఎంత వచ్చింది. కుక్క కడుపు నీళ్లు మొక్కలకు పోయొచ్చా అని నాంచారయ్య కబురు పంపాడు. పోసుకోమని, మొక్క చస్తే తనను అడగొద్దని డాక్టరమ్మ తిరుగు కబురు పంపింది.

శుక్రవారం

గాడి గొట్టం కూడా నెమ్మదించింది. పొద్దున సగం. మధ్యాహ్నం పావు. గవ్వ నోటి వాసన మళ్లీ ఘాటెక్కింది.

నేను గ్రంథం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. చదువు నాకు ఎవరూ చెప్పలేదు. ఉప్పు బస్తాల మీద అక్షరాలు చూసి నేర్చుకున్నాను, తర్వాత ఈ ఒక్క పుస్తకం చదివాను. మిగతావి చదవాలనిపించలేదు. బలుల ధర్మం దగ్గర ఆగాను. అందరూ దాటేసే పేజీలవి. పశువును కోశాక యాజకుడు ఏం చేయాలో ఉంది. ప్రేగులను కప్పి ఉండే కొవ్వును తీయాలి. రెండు మూత్రపిండాల సంగతి కూడా ఆ వెంటనే, అదే వాక్యంలో ఉంది.

నా ఒళ్లు జలదరించింది. గ్రంథం పట్టుకుని పరుగెత్తాను. డాక్టరమ్మ గొట్టం కడుగుతోంది. నిలబడే చెప్పాను. చిల్లులకు పట్టుకున్నది ఆ కొవ్వే. గాళ్లలోకి జొరబడుతున్నదీ అదే. వేల ఏళ్ల కిందటే రాయబడి ఉంది, ముందు ఆ కొవ్వు తీయాలి, తర్వాతే మూత్రపిండాలు. మనం ఆజ్ఞ తప్పాం. మూడుసార్లు చెప్పాను, మూడోసారి కంఠం పెంచి.

“తెలుసండీ,” అంది.

“ఏం తెలుసు?”

“కొవ్వు తెర. పేగుల మీద ఏప్రాన్ లాగా వేలాడుతుంది. లోపలికి కొత్త వస్తువు ఏదొచ్చినా పోయి చుట్టుకుంటుంది, దాని ఉద్యోగమే అది. ఏ గొట్టం వేసినా ముందు దాన్ని తీసేయమని మా పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది.”

“మరి తీయలేదేం?”

“పొట్ట కోయాలి. తిమ్మిరి మందుతో అయ్యే పని కాదు, పూర్తి మత్తు కావాలి. మత్తు మందు ఒక్క సీసా ఉంది.”

ఐస్ పెట్టె తెరిచి చూపించింది. సీసా మీద కాగితం అంటించి ఉంది. దీవెనమ్మ, పిత్తాశయంలో రాయి. వచ్చే నెల ఆపరేషను. ఇంకో సీసా రావాలంటే వానలు వెళ్లాక వచ్చే పడవలోనే.

“మనిషి మందు కుక్కకి వాడమని నేను అడగను,” అంది డాక్టరమ్మ. “మీరు కూడా అడగొద్దు. మీరు అడిగితే అది అడగడంలా ఉండదు.”

గ్రంథం మూశాను. మధ్యాహ్నం నుంచి ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేను మౌనంగా ఉన్నానని గట్టు మీద ఆందోళన మొదలైంది.

శనివారం

ఐస్ పెట్టెలో సీసా మీది కాగితం సంగతి ఎలా పాకిందో తెలియదు. పొద్దున్నే దీవెనమ్మ వచ్చింది. మంగళవారం తర్వాత ఇటువైపు రావడం ఇదే. గవ్వ మంచం వైపు చూడకుండా, డాక్టరమ్మ ఎదురుగా నిలబడింది.

“నా మందుందంటగా. దానికి ఏసెయ్.”

“నీ రాయి సంగతేంటమ్మా?”

“ఆ రాయి నాతో పదేళ్లనించి ఉంటంది. ఇంకో ఆర్నెల్లు యాడికి పోద్ది?”

“నొప్పి వస్తే తట్టుకోలేవు. పోయినసారి నేల మీద పొర్లావు.”

“వస్తే అరుస్తా. ఈయన బోధ కన్నా గట్టిగా అయితే అరవలేనుగా.”

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను అడగలేదని చేతులతో చెప్పాను.

“మందు చాలకపోవచ్చు. చాలినా కుక్క బతుకుద్దని చెప్పలేను,” అంది డాక్టరమ్మ. ఆవిడ మాటలో మా యాస దొర్లడం మొదటిసారి విన్నాను.

“సెప్పమని అడిగానా?”

దీవెనమ్మ వెళ్లిపోయింది. కుక్కను మాత్రం చూడలేదు.

ఆపరేషను పదింటికి. నేను గిన్నె పట్టుకున్నాను. డాక్టరమ్మ కొవ్వు తెరను కొసన పట్టి నెమ్మదిగా బయటికి లాగింది. ఇన్నేళ్లు చదివిన వస్తువును మొదటిసారి చూశాను. వల అల్లినట్టు, సన్నగా, వెలుగు అవతలికి కనబడేలా ఉంది. బలులు అర్పించినవాళ్లు దీన్ని ఎందుకు శ్రేష్ఠభాగం అన్నారో అర్థమైంది. ముడులు వేసి కత్తిరించి గిన్నెలో వేసింది. లేఖనం ప్రకారం దహించాలి, దహించనా అని అడిగాను.

“వద్దు. ఆ వాసనకి మత్తులోంచి లేచి కూర్చుంటుంది.”

గాడి గొట్టాన్నే శుభ్రం చేసి మళ్లీ వేసి కుట్టింది. ఆఖరి కుట్టు వేసేసరికి గవ్వ వెనక కాలు కదుల్తోంది. మందు సరిగ్గా అంతే వచ్చింది.

ఆదివారం

పోసినదంతా వచ్చింది. ఇంకో చెంచాడు ఎక్కువే వచ్చింది. కడుపు నీళ్లలోని చక్కెర ఒంట్లో నీటిని లాగుతుందని, అందుకని అలా వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నాంచారయ్య స్వయంగా వచ్చి కొలసీసా చూసి, లాభం కూడానా అన్నాడు.

నీళ్లు తేటగా ఉన్నాయి. మబ్బుగా వస్తే లోపల చీము పట్టినట్టట. సంచి మార్చే ప్రతిసారీ చేతులు మోచేతుల దాకా కడుగుతున్నాం. యాజకులకు కూడా ఇదే నియమం. డాక్టరమ్మకు ఈ మాట చెప్పాను. ఈసారి తల ఊపింది.

ఆరాధనలో వాక్యం ఇరవై నిమిషాలే చెప్పాను. గంటకోసారి గొట్టం చూడాలి. జనం దీన్ని అద్భుతంగా తీసుకున్నారు.

బుధవారం

మధ్యాహ్నం గవ్వ తనంతట తాను లేచింది. గొట్టం ఈడ్చుకుంటూ ప్రార్థన గదిలోకి నడిచింది. వేదిక దగ్గర ఆగి, నేను మోకరించే చాప మీద మూత్రం పోసింది. చాలాసేపు పోసింది.

డాక్టరమ్మను కేకేశాను. ఆవిడ వచ్చి, చాప మీద మోకాళ్లూని, వంగి వాసన చూసి, కళ్లు తుడుచుకుంది. ఆ చాప మీద అంత భక్తిగా వంగినవాళ్లను నేను ఎరగను. గుంపు పోగైంది. ఎవరో స్తోత్రం అన్నారు. నాంచారయ్య హిందువు, అతను కూడా అన్నాడు.

శనివారం

నిన్న గొట్టం తీసేశారు. డ్రమ్ముల్లో అడుగు కనిపిస్తోంది. రెండు పడవలు రేవులో కట్టి ఉన్నాయి, గవ్వ నిలబడలేకపోతే జనాన్ని పంచడానికి. ఆరో గట్టుకు ఎవరు, తొమ్మిదో గట్టుకు ఎవరు అనే మాట ఇళ్లలో నడుస్తోంది.

గవ్వ ఎముకల గూడులా ఉంది, కానీ నడిచింది. మూత తీశాను. అంచు మీద ముక్కు ఆనించింది. గట్టంతా నిలబడి చూసింది. గవ్వ కూర్చుంది.

కుళాయిలు తెరిచాను. ఎవరూ ముందుకు రాలేదు.

“కూర్చుంది నిజమే,” అన్నాడు నాంచారయ్య. “నీళ్లు మంచివనా, కాళ్లు నొప్పెట్టా?”

డాక్టరమ్మను అడిగారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. మూత్రపిండాలకు పూచీ ఉంటాను, ముక్కుకు ఉండను అంది. ఇన్ని రోజులు రక్తంలో విషం తిరిగాక వాసన తేడా పడొచ్చు, పడకపోవచ్చు.

మరోసారి చూపించమన్నారు. చూపించాను. మళ్లీ కూర్చుంది. మొదటిసారి కూర్చుంది కాబట్టి అలవాటుకు కూర్చుందన్నారు.

అప్పుడు నేను వాక్యం ఎత్తుకున్నాను. విశ్వాసం గురించి. చూడనిదాన్ని నమ్మడం గురించి. అరణ్యంలో బండలోంచి వచ్చిన నీళ్ల గురించి, తాగేముందు ఆ జనం కూడా సణిగారనే సంగతి గురించి. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. నా గొంతు గట్టు అవతల ఉప్పు మడుల దాకా వెళ్లింది. చెబుతూనే చూస్తున్నాను, బిందెలు ఎవరి చంకలో వాళ్లకు అలాగే ఉన్నాయి. నేను తాగి చూపించొచ్చు. ఆ ఆలోచన వచ్చింది. ఇంకొక్క మాట చెప్పి తాగుదామనుకున్నాను. తర్వాత ఇంకొక్కటి.

గుంపు వెనక నుంచి దీవెనమ్మ వచ్చింది. చేతిలో చెంబు. రాత్రి నొప్పి వచ్చినట్టుంది, నడుముకు చీర కొంగు బిగించి కట్టింది. నన్ను దాటి, నాంచారయ్యను దాటి, గవ్వ ముందు గొంతుక్కూర్చుంది. ఇన్ని రోజులకు దాని మొహంలోకి చూసింది.

“ఏవే,” అంది. “మంచియ్యేనా?”

గవ్వ ఆమె చెయ్యి వాసన చూసింది. ఏం చేస్తుందోనని అందరం చూశాం. గవ్వ ఏమీ చేయలేదు. కూర్చున్నచోటే ఉంది.

దీవెనమ్మ లేచి, కుళాయి కింద చెంబు పెట్టి, నిండాక ఎత్తి తాగింది. ఆగకుండా, గుటక గుటకకూ గొంతు కదులుతుండగా, చెంబంతా తాగింది. మూతి తుడుచుకుని, రెండో చెంబు పట్టుకుంది.

నాంచారయ్య తన బిందె తీసుకుని ఆమె వెనక నిలబడ్డాడు. అతని వెనక పంటినొప్పి ఆమె. తర్వాత వరుస ఎప్పటిలాగే రేవు దాకా పెరిగింది, ఎప్పటిలాగే ముందుకు దూరేవాళ్లతో తగాదా కూడా మొదలైంది.

నా వాక్యం మధ్యలో ఆగిపోయింది. మిగతాది ఎవరూ అడగలేదు. ఆఖరి మనిషి నింపుకున్నాక నేను కూడా దోసిలి పట్టి తాగాను. ఎవరూ చూడలేదు.